మంట పెట్టెలో కడ్లెపురి

సర్వమంగళకు ప్రభుత్వం దాదాపు ముప్ఫై ఏళ్ళు అపనమ్మకానికి జీతం ఇచ్చింది. ఆ అపనమ్మకం శ్రుతి మించిందని చివరికి అదే ప్రభుత్వం ఆమె మీద విచారణ పెట్టింది. ఈ రెండింటి మధ్య జరిగినదానికి విచారణ నివేదికలో చోటు దొరకలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది తిపటూరు. తండ్రి బసవలింగయ్య అక్కడి కొబ్బరి మార్కెట్ యార్డులో సరుకు నాణ్యత చూసే ఉద్యోగి. వేలానికి వరసగా నిలబెట్టిన గుండు కొబ్బరి మూటల మూతులు విప్పి, అమ్మేవాళ్ళు మంచి కాయలు పైన పరిచి ఉంచేవారు. బసవలింగయ్య వాటివైపు చూసేవాడు కాదు. చొక్కా చెయ్యి భుజందాకా మడిచి, మూటలోకి దూర్చి, అట్టడుగునుంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి వినేవాడు. "అడుగు చూపించప్పా" అన్నది ఆయన నోట ఎప్పుడూ ఉండే మాట. ఆస్తిగా మిగిలింది తక్కువ. ఆ మాట మాత్రం కూతురికి మొత్తంగా దక్కింది.

ఆ కూతురు ఇంజనీరింగ్ చదివి, దేశంలో ఏ విమానం ఎగరాలో ఏది ఎగరకూడదో తేల్చే కార్యాలయంలో, బెంగళూరు శాఖలో చేరింది. పొట్టి మనిషి. నూలుచీర, దాని కింద హ్యాంగర్లలో నూనె మరకల మీద జారకుండా తెల్ల గుడ్డబూట్లు. టిఫిన్ డబ్బాలో అక్కిరొట్టె, అంటే బియ్యప్పిండి రొట్టె. విద్యారణ్యపురలో వాళ్ళ మేడ మీద వాటా అద్దెకు అడగడానికి నేను వెళ్ళినప్పుడు, లాయరునని చెప్పి నా గుర్తింపు కార్డు చూపించాను. ఆమె దాన్ని తిప్పి వెనకవైపు చూసింది. తరువాత బార్ కౌన్సిల్‌కు ఫోన్ చేసింది.

"ఏమనుకోకు లాయరమ్మా," అన్నాడు ఆమె భర్త శివానంద, రిటైరైన బ్యాంకు మనిషి. "మా పెళ్ళికి నా జాతకం కూడా ముగ్గురికి చూపించింది. ముగ్గురూ ఒకటే చెప్పారట. ముగ్గురూ కూడబలుక్కున్నారేమోనని ఇప్పటికీ అనుమానం."

"నాలుగోవాడికి చూపించి ఉండాల్సింది రీ," అంది ఆమె లోపలినుంచి. మనం ఏమండీ అన్నట్టు, ఆమె భర్తను రీ అంటుంది.

ఆమె పని ఏమిటో చెప్పకుండా ఆమె కథ చెప్పలేను. విమానం ముందు ఒక నమూనాగా పుడుతుంది. ఆ నమూనా ఏ నియమాలకు లోబడాలో తేల్చి, లెక్కలతో, పరీక్షలతో రుజువు తీసుకుని, కార్యాలయం దానికి సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ తరువాత అందులో కుర్చీ మార్చినా, గోడ మార్చినా, మార్చినవాడు మళ్ళీ రుజువు చెయ్యాలి. ఇక్కడ చట్టం ఒక ప్రశ్న వేస్తుంది: మార్పు చిన్నదా, పెద్దదా? చిన్నదైతే, అనుమతి ఉన్న కంపెనీ తానే ఆమోదించుకోవచ్చు. పెద్దదైతే కార్యాలయం ముందు నిలబడాలి. బరువు మీద, బలం మీద, భద్రత మీద గణనీయమైన ప్రభావం లేనిది చిన్న మార్పు. ఆ "గణనీయమైన" అనే విశేషణాన్ని ఎవరు చదివినా వాళ్ళకు కావలసినట్టే వినిపిస్తుంది. చట్టంలో ఇలాంటి విశేషణం కనబడినచోట, దాన్ని ఎవరి సౌకర్యం కోసం అక్కడ కూర్చోబెట్టారో అడగాలి. నేను అడుగుతూనే ఉన్నాను.

పెద్ద మార్పు విషయంలోనూ ఒక దొడ్డిదారి ఉంది. ప్రతి పరీక్షకూ అధికారి స్వయంగా వెళ్ళి నిలబడలేడు కనుక, కంపెనీలోనే ఒక ఇంజనీరుకు ప్రభుత్వం తరఫున సాక్షిసంతకం పెట్టే అధికారం ఇస్తారు. జీతం కంపెనీది, సంతకం ప్రభుత్వానిది. ఈ ఏర్పాటును లోకమంతా ఆధునికమంటుంది. సర్వమంగళ దాన్ని, మామ సరుకును అల్లుడే తూచినట్టు, అల్లుడి తూకం అనేది.

జక్కూరు దగ్గర, విమానాలకు మార్పులు చేసే నభశ్రీ అనే కంపెనీ ఉంది. దాన్ని నడిపే ప్రభుదేవ ఒకప్పుడు సర్వమంగళ కిందే పనిచేశాడు. ఆమెను "అక్కా" అని పిలిచేవాడు. ఆమె డబ్బాలో అక్కిరొట్టె సగం అతనిదే. తరువాత రాజీనామా చేసి అవతలి బల్లకు వెళ్ళాడు. అక్క మేడం అయింది. ఆ సంవత్సరం నభశ్రీ ఒక చిన్న విమానంలో సీట్లు పీకేసి, స్ట్రెచరూ ఆక్సిజన్ సిలిండరూ బిగించి, దాన్ని రోగులను మోసే విమానంగా మార్చడానికి దరఖాస్తు పెట్టింది. మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభమని అప్పటికే పత్రికలకు చెప్పేశారు. సర్టిఫికెట్ ఇంకా రాలేదన్న సంగతి పత్రికలకు చెప్పలేదు.

స్ట్రెచర్ మీద పరుపు ఉంటుంది. విమానంలో వాడే ప్రతి గుడ్డా, ప్రతి దూదీ నిప్పు పరీక్షకు నిలవాలి. ముక్కను ఒక ఇనప పెట్టెలో వేలాడదీసి, కింద సన్నటి మంట పెట్టి, నిర్ణీత క్షణాల తరువాత తీసేస్తారు. మంట తీశాక ముక్క తనంతట తాను ఆరిపోవాలి. కాలుతూ కింద రాలకూడదు. నభశ్రీ ఈ పరీక్ష చేసింది, కంపెనీ ఇంజనీరే సాక్షిసంతకం పెట్టాడు, ముక్క ఆరిపోయిందని నివేదిక వచ్చింది. సర్వమంగళ చెయ్యాల్సింది దాన్ని ఒప్పుకుని సంతకం పెట్టడమే. ఆ ఫైలులో మిగిలిన సంతకం ఆమెదొక్కటే.

ఆమె సంతకం పెట్టకుండా బూట్లు వేసుకుంది.

*

ఆయుధపూజ అయి కొన్నాళ్ళయింది. హ్యాంగర్ గుమ్మంలో పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ మరక ఇంకా ఎర్రగానే ఉంది. విమానం ముక్కుకు గంధం, చక్రాలకు కుంకుమ, డ్రిల్లింగ్ మెషీన్లకు వాడిన చేమంతి దండలు. అన్నీ మామూలే. దండ దానంతట అది రాలిపోయేదాకా ఈ ఊళ్ళో ఎవరూ తియ్యరు.

"రండి మేడం, రండి," అన్నాడు ప్రభుదేవ. "ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా. కాఫీ చెప్పనా?"

"వద్దప్పా. మంట పెట్టె ఎక్కడ?"

"పరీక్ష అయిపోయింది కదా మేడం. నివేదిక అందలేదా?"

"అందింది. బాగుంది. పెట్టె ఎక్కడ?"

పెట్టె వెనకగదిలో ఉంది. తలుపు అంచూ చట్రమూ కలిసేచోట మూడు విభూతి గీతలు, మధ్యలో పెద్ద గంధపు బొట్టు. గంధం ఎండి, చెక్కు కట్టి, తలుపునూ చట్రాన్నీ కలిపి పట్టుకుని ఉంది. పిడికి కట్టిన దండ తలుపుకు అడ్డంగా వేలాడుతోంది.

సర్వమంగళ చేతులు వెనక కట్టుకుని చాలాసేపు ఆ బొట్టునే చూసింది. నివేదికలో పరీక్ష జరిగిన తేదీ పూజ తరువాతది.

"మల్లేశా, తియ్యప్పా తలుపు," అంది అక్కడున్న టెక్నీషియన్‌తో.

మల్లేశ ప్రభుదేవ వైపు చూశాడు.

"దేవుడికి కట్టిన దండ మేడం," అన్నాడు ప్రభుదేవ నవ్వుతూ. "ఇప్పుడు తెంచడం ఎందుకు? మీరూ పూజలూ వ్రతాలూ చేసేవాళ్ళే కదా."

"మరి పరీక్షరోజు ఎలా తెంచారు?"

"ఆరోజు తీసి, మళ్ళీ కట్టారు."

"గంధం కూడా తీసి మళ్ళీ పెట్టారా?"

ప్రభుదేవ నవ్వు ఆపాడు. "మీకు ప్రతిదీ అనుమానమే. తియ్యరా మల్లేశా."

మల్లేశ పిడి లాగాడు. తలుపు రాలేదు. రెండోసారి గట్టిగా లాగితే గంధపు చెక్కు పటుక్కున విరిగి కింద రాలింది. పెట్టెలో, ముక్కను వేలాడదీసే కొక్కేనికి సరిగ్గా కింద, అరటాకు ముక్క ఉంది. ఆకు ఎండి చుట్టుకుపోయింది. దాని మీద కడ్లెపురి. బొరుగులు తెల్లగా ఉన్నాయి, పుట్నాలు పచ్చగా ఉన్నాయి. పక్కన ముడుచుకుపోయిన నిమ్మకాయ. పూజనాడు ప్రతి యంత్రానికీ నైవేద్యం పెట్టినట్టే దీనికీ లోపల పెట్టి, తలుపు మూసి, బయట బొట్టు పెట్టారు. పూజ తరువాత ఆ పెట్టెలో నిప్పు రగిలి ఉంటే బొరుగులు తెల్లగా ఎలా ఉంటాయి?



అప్పుడు సర్వమంగళ ఒక పని చేసింది. విచారణ అంతా తరువాత ఆ పని మీదే నడిచింది. ఆమె కుడిచెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు బొరుగులు తీసుకుంది. తీసుకున్నవాటిని కళ్ళకద్దుకుంది. ఆ తరువాతే సంచిలోంచి కాగితం కవరు తీసి అందులో పోసింది.

ప్రసాదం చేతిలో పడ్డాక కళ్ళకద్దుకోకుండా ఉండడం ఆమెకు చేతకాదు. తిపటూరులో పుట్టిన ఏ ఆడదానికీ చేతకాదు.

"స్ట్రెచర్ ఎక్కడుంది?" అంది తరువాత.

స్ట్రెచర్ విమానంలోనే బిగించి ఉంది. ఆమె పరుపును తిరగేసి, మల్లేశ దగ్గర కత్తెర తీసుకుని, అడుగువైపు నుంచి పొడవాటి ముక్క కోసింది. ప్రభుదేవ "మేడం, మేడం" అంటూనే ఉన్నాడు. ఆమె ముక్క అంచున బాల్‌పెన్నుతో తన సంతకం పెట్టి, కింద మల్లేశ చేత, దాని కింద ప్రభుదేవ చేత పెట్టించింది.

"కొత్త పరుపు పాడుచేశారు," అన్నాడు ప్రభుదేవ, సంతకం పెడుతూనే.

"అడుగున కోశానప్పా. పైకి కనబడదు."

పరుపు ముక్కకు మూడు సంతకాలు. బొరుగుల కవరుకు ఒక్కటి కూడా లేదు. ప్రసాదం మీద సంతకాలేమిటని ఆమెకు తోచలేదు. మూట మూతి చూసి ఎన్నడూ మోసపోని మనిషి, ఆ ఒక్కచోట పొరపాటులో పడింది.

*

మర్నాడు పై అధికారి తిమ్మప్పయ్య ఆమెను పిలిచాడు. మెత్తటి మాట, మెత్తటి చెప్పులు. ఆయన గదిలోకి వచ్చినా చప్పుడుండదు, ఫైలు గదిలోంచి వెళ్ళిపోయినా చప్పుడుండదు. ఆయన గురించి అప్పట్లో నాకు ఒక అభిప్రాయం ఉండేది. దాన్ని ఇక్కడ దాచను: ఆయన వాళ్ళ మనిషి అని నమ్మాను.

"ఏమమ్మా, పరుపు కోశావట."

"అవును సార్."

"రోగులు చచ్చిపోతున్నారంటున్నారు, విమానం లేక. పత్రికవాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు. ఒక్క పరుపు కదా. ఇంట్లో దిండు గలీబు మార్చమూ? స్ట్రెచర్‌కి సర్టిఫికెట్ వేరే ఇద్దాం. పరుపు వరకూ చిన్న మార్పు అని రాసెయ్. వాళ్ళే ఆమోదించుకుంటారు. నీ చేతికి మసి అంటదు."

"సీట్లో కూర్చున్నవాడు మంట చూస్తే లేచి పరుగెత్తుతాడు సార్. స్ట్రెచర్ మీద ఉన్నవాణ్ణి పట్టీలతో మనమే కట్టేస్తాం. తలదగ్గర ఆక్సిజన్ పెడతాం. వాడు పడుకునే పరుపు చిన్న మార్పు ఎట్లా అవుతుంది?"

తిమ్మప్పయ్య బల్ల మీద గాజు పలకను వేలితో తుడిచాడు. "నీ మీద రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే నేను ఆపలేను," అన్నాడు.

"ఆపొద్దు సార్."

"ముక్క ఎక్కడుంది?"

ఆమె చెప్పలేదు. పై అధికారికి కూడా చెప్పలేదు. ముక్క ఆమె భర్త బీరువాలో, ఆయన పెళ్ళి పంచె మడతలో ఉంది.

"నా పంచెకి పరుపు వాసన పట్టింది," అన్నాడు శివానంద సాయంత్రం. "దొరికితే దొంగసొత్తు కేసు నా మీదేనా లాయరమ్మా?"

"మూడు సంతకాలున్నాయి, దొంగసొత్తు కాదు సార్," అన్నాను.

"కవరు మీద లేవు కదా," అంది సర్వమంగళ. అప్పటికే ఆమెకు తట్టింది. అవరె చిక్కుళ్ళు వలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. "మల్లేశ చేత అక్కడే పెట్టించి ఉంటే సరిపోయేది. ఎందుకు పెట్టించలేదో నాకే అర్థం కావడం లేదు."

"ఎందుకంటే దేవుడికి కూడా సర్టిఫికెట్ అడగడానికి ఆ ఒక్కరోజు మొహమాటపడ్డావు," అన్నాడు శివానంద.

ఆమె మళ్ళీ చిక్కుళ్ళు వలవడం మొదలుపెట్టింది.

నిప్పు పరీక్ష ప్రభుత్వ ప్రయోగశాలలో జరిగింది. ఆమె, తిమ్మప్పయ్య, ప్రభుదేవ, ముగ్గురూ నిలబడ్డారు. ముక్కను పెట్టెలో పెట్టేముందు సర్వమంగళ మూడు సంతకాలనూ చదివించి, "ఇది మీ పరుపేనా?" అని ప్రభుదేవను అడిగింది. అవునన్నాడు. మంట పెట్టారు. మంట తీశారు. ముక్క ఆరలేదు. నీలంగా మొదలైన మంట పసుపుపచ్చగా మారి పైకి పాకింది. కరిగిన స్పాంజి బొట్లుబొట్లుగా రాలి కింద పళ్ళెంలో కూడా మండింది. గదిలో నల్లటి పొగ. ప్రభుదేవ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. తిమ్మప్పయ్య పెట్టుకోలేదు. ముక్క చివరిదాకా కాలిపోయి కొక్కెం ఖాళీ అయ్యేవరకూ ఆయన కదలకుండా చూశాడు.

"అక్కా," అన్నాడు ప్రభుదేవ బయటికి వచ్చాక. చాలా ఏళ్ళకు మళ్ళీ ఆ పిలుపు. "పరుపు కుట్టినవాడు మోసం చేశాడక్కా. నాకేం తెలుసు?"

"మరి నీ నివేదికలో ఏ పరుపు ఆరిపోయిందప్పా?"

అతను మళ్ళీ మేడం అనడం మొదలుపెట్టాడు.

సర్వమంగళ సర్టిఫికెట్ నిరాకరించింది. పరుపు పరీక్షలో ఓడిందని ఒక కారణం రాసింది. అంతకుముందు పరీక్ష జరిగినట్టు ఇచ్చిన నివేదిక అబద్ధమని రెండో కారణం రాసింది. మొదటిది పరుపును ఆపేది. రెండోది నిలబడితే, ప్రభుత్వం పేరుతో సంతకం పెట్టే ఆ కంపెనీ అధికారమే పోయేది. అందుకే వాళ్ళ పోరాటం రెండోదాని మీద.

*

వారం తిరగకుండానే నభశ్రీ ఫిర్యాదు చేసింది. ఆ అధికారిణి దరఖాస్తుదారు ఆవరణలో "వస్తువులు స్వీకరించినది" అని, ఇంకా ఏదో ఆశించి ఫైలు నిలిపివేసినదని. వస్తువులు అంటే ఏమిటో ఫిర్యాదులో రాయలేదు. విచారణలో మల్లేశ చెప్పాడు: బొరుగులు.

ఉద్యోగిని శాఖ విచారించేటప్పుడు లాయరును లోపలికి రానివ్వరు. నియమం అది. కంపెనీ ఫిర్యాదును రాసింది లాయర్లేనని భాష చూస్తేనే తెలుస్తుంది. ఆ లాయర్లు రాసినదానికి జవాబు చెప్పుకోవలసిన మనిషికి మాత్రం లాయరు ఉండకూడదు. నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు పైన గాలికోసం తెరిచిన కిటికీలోంచి మాటలు వినబడ్డాయి. కిటికీ మూయాలని వాళ్ళకు తోచలేదు, వినకూడదని నాకూ తోచలేదు.

"మీరు ప్రసాదం తీసుకున్నారా?" విచారణాధికారి గొంతు.

"నమూనాగా తీసుకున్నాను."

"కళ్ళకద్దుకున్నారా, లేదా?"

"అద్దుకున్నాను."

"నమూనాలను కళ్ళకద్దుకోవడం మీ కార్యాలయ పద్ధతా?"

లోపల ఎవరో నవ్వారు.

"కాదు సార్. అది మా ఇంటి పద్ధతి."

"రెండు గింజలు నోట్లో వేసుకున్నారని సాక్షి అంటున్నాడు."

"వేసుకోలేదు. మల్లేశా, నా వైపు చూసి చెప్పప్పా. వేసుకున్నానా?"

మల్లేశ ఏదో గొణిగాడు. తరువాత, "నాకు సరిగ్గా కనబడలేదు," అన్నాడు.

"ఈ కవరులోవి ఆ పెట్టెలోవేనని రుజువేమిటి? దీని మీద సాక్షి సంతకం లేదు, సీలు లేదు. బొరుగులు ఏ అంగడిలోనైనా దొరుకుతాయి."

నేను బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. ఆమె చెప్పగలిగినవి ఎన్నో ఉన్నాయి. ఆ గదిలో తనతోపాటు ఇద్దరు చూశారని చెప్పవచ్చు. గంధపు చెక్కు విరగడం చెప్పవచ్చు. నివేదికలో తేదీ టైపు పొరపాటని, పరీక్ష పూజకు ముందే జరిగిందని కంపెనీ అప్పటికే మాట మార్చింది. కానీ ఆ పరుపు పూజ తరువాతే కుట్టించామని వాళ్ళ దరఖాస్తులోనే రాసుకున్నారు. కుట్టని పరుపును ఎలా కాల్చారని అడగవచ్చు. అడిగింది కూడా. ఆ ప్రశ్న ఈ విచారణ పరిధిలోకి రాదన్నారు. ఇక మిగిలింది కవరు.



"రుజువు లేదు సార్," అంది సర్వమంగళ. "మీరు అడగడం న్యాయమే. ఆనవాలు లేని నమూనా ఎవరు తెచ్చినా నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇది కూడా ఒప్పుకోను."

ఆమె బయటికి వచ్చాక నేను ఆమె మీద అరిచాను. నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

"వాళ్ళు అబద్ధానికి మూడు కథలు అల్లారు ఆంటీ! మీరు నిజాన్ని మీ చేత్తో మీరే కొట్టేశారు!"

"వాళ్ళని ఏ కొలతతో కొలిచానో నన్నూ దాంతోనే కొలవాలి కదమ్మా. రేపు ఇంకొకడు సంతకం లేని కవరు పట్టుకొచ్చి ఒక మంచి కంపెనీని ముంచుతాడు. అప్పుడు నువ్వే అవతలివైపు నుంచి అరుస్తావు."

"అయితే వాళ్ళ సంతకం అధికారం పోదు!"

"పోదు," అంది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. "ఇంటికి పోదాం పద. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

తీర్పు ఇలా వచ్చింది. లంచం ఆరోపణ రుజువు కాలేదు. నమూనా సేకరణలో నిర్లక్ష్యం రుజువైంది. మందలింపు. అబద్ధపు నివేదిక గురించి "తగిన ఆధారాలు లేవు." సర్వమంగళను సర్టిఫికెట్ల విభాగం నుంచి తప్పించి, పైలట్ల పరీక్షల ప్రశ్నపత్రాలు భద్రపరిచే గదికి పంపారు. నభశ్రీ ఫైలును తిమ్మప్పయ్య తన చేతుల్లోకి తీసుకున్నాడు.

నా అభిప్రాయానికి ఇంకేం రుజువు కావాలి? చిన్న మార్పు అని రాయమన్న మనిషి చేతికే ఫైలు చేరింది. కొన్ని నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. కొత్త పరుపు పరీక్షలో నెగ్గిందన్నారు. ఆ ముక్క ఎక్కణ్ణుంచి కోశారో తెలపమని సమాచార హక్కు కింద అడిగాను. వ్యాపార రహస్యమన్నారు. మనిషిని కట్టేసి పడుకోబెట్టే పరుపు కాలుతుందో లేదో చెప్పడం వ్యాపార రహస్యం! అప్పీలు వేశాను. అది ఇంకా నడుస్తోంది.

*

ప్రారంభం రోజున సర్వమంగళ వెళతానంది. ఆహ్వానం లేదు.

"ఎందుకే, అవమానం పడ్డానికా?" అన్నాడు శివానంద.

"పరుపు చూడ్డానికి."

ఆయన మరో మాట లేకుండా చెప్పులు వేసుకున్నాడు. నేనూ వెళ్ళాను. మంత్రిగారు వచ్చి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయాక జనం పలచబడ్డారు. విమానం ముక్కుకు కొత్త గంధం. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి ఉన్నాయి. ప్రభుదేవ పళ్ళెంలో కడ్లెపురి పట్టుకుని అందరికీ పంచుతూ ఆమె ముందుకొచ్చి ఆగాడు.

"తీసుకోండి మేడం."

"వద్దప్పా. మళ్ళీ కళ్ళకద్దుకుంటాను. నీకు ఇంకో ఫిర్యాదుకు సరుకవుతుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ప్రభుదేవ మొహం ఎర్రబడింది. పళ్ళెం శివానందకు చాపాడు. ఆయన గుప్పెడు తీసుకుని, "నేను ఉద్యోగిని కాను, తినొచ్చు," అని నోట్లో పోసుకున్నాడు.

విమానం తలుపు దగ్గర తిమ్మప్పయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు తప్పుకున్నాడు. రమ్మనలేదు, ఆపలేదు. సర్వమంగళ గుడ్డబూట్లతో మెట్టెక్కి లోపలికి వెళ్ళింది. నేను మెట్టు మీద నిలబడి చూశాను. కొత్త పరుపు, నీలంగా, నున్నగా. ఆమె పైన చెయ్యి కూడా వెయ్యలేదు. పట్టీలు విప్పి, అంచు పట్టుకుని తిరగేసింది.

అడుగున, సరిగ్గా మధ్యలో, పొడవాటి అతుకు. ఒక ముక్క కోసి తీసి, ఆ ఖాళీలో మరో గుడ్డ పెట్టి చుట్టూ కుట్టారు. కుట్టు వంకరగా ఉంది, దర్జీ వేసిన కుట్టులా లేదు. అతుకు పక్కన పరుపు మీద బాల్‌పెన్నుతో మూడు సంతకాలు. వాటిలో పైది తిమ్మప్పయ్యది.

నా అభిప్రాయం ఆ అతుకు దగ్గర ఆగిపోయింది. ఆమెను తప్పించినప్పుడు ఆయన ఎందుకు నోరు విప్పలేదో నాకు తెలియదు. నోరు విప్పి ఉంటే ఫైలు ఆయన చేతికీ వచ్చేది కాదేమో. అదీ నా ఊహే. ఆ మనిషిని నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. కానీ ఆ మూడు సంతకాలు నేను చూశాను.

సర్వమంగళ అతుకు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూసింది. పరుపు మళ్ళీ సరిచేసి, పట్టీలు బిగించి, కిందికి దిగింది.

"అడుగున కోశారు," అంది తిమ్మప్పయ్యతో.

"నువ్వు కోసినచోటే కోశాను."

"కోసిన ముక్కే కాల్చారా?"

"నువ్వు మారవమ్మా," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. "నా చేత్తో పెట్టాను, నా చేత్తో మంట తీశాను. కళ్ళముందే ఆరిపోయింది. కాస్త పొగ వచ్చింది, అంతే."

సర్వమంగళ నా చేతికిచ్చి ఉంచిన తన సంచి తీసుకుంది. భర్త వైపు తిరిగింది, వెళదామన్నట్టు. ఆయన నోటి నిండా బొరుగులతో ముందుకు నడిచాడు. ఆమె రెండడుగులు వేసి ఆగింది.

"సార్," అంది వెనక్కి తిరిగి. "ఆ పొగ, ఎంతసేపు వచ్చింది?"